ఇంగ్లీషులో ఏ టెన్స్ ఎప్పుడు వాడాలి?

వ్యాకరణ పుస్తకాల్లో 12 టెన్సుల పట్టిక ఉంటుంది. దాన్ని కంఠతా పట్టినవాళ్ళు కూడా మాట్లాడాల్సి వచ్చేసరికి టెన్షన్ పడతారు. పట్టిక వల్ల రూపాలు వస్తాయి గానీ, ఏది ఎక్కడ వాడాలో తెలియదు. అందుకే పట్టికను కాసేపు పక్కన పెట్టి, మనసులో వచ్చిన తెలుగు వాక్యం నుంచే మొదలుపెట్టండి. ఆ వాక్యంలో క్రియ ఎలా ముగిసిందో చూసి, దాన్నిబట్టి ఒక ప్రశ్న వేసుకోండి.

"చేస్తాను" అని వస్తే

ఇది అలవాటా, ఇకముందు జరిగేదా? "ఆరింటికి లేస్తాను" అంటే రోజూ లేవడం కావచ్చు, రేపు ఒక్కరోజు లేవడం కావచ్చు. తెలుగులో రెండింటికీ ఒకటే మాట. ఇంగ్లీషులో అలవాటైతే సింపుల్ ప్రెజెంట్: "ఐ గెట్ అప్ ఎట్ సిక్స్". రేపటి సంగతైతే "ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్". ఎప్పటికీ మారని నిజాలకూ, బస్సులు, రైళ్ళ వేళలకూ కూడా సింపుల్ ప్రెజెంటే. హి, షి, ఇట్ ఉన్నచోట క్రియ చివర ఎస్ చేర్చడం మర్చిపోకండి.

ఇకముందు జరిగేవాటిలో చిన్న తేడాలున్నాయి. ఫోన్ మోగగానే "నేను తీస్తాను" అంటే అది అప్పటికప్పుడు అనుకున్నది కాబట్టి విల్. ముందే మనసులో అనుకున్నదైతే గోయింగ్ టు. అపాయింట్‌మెంట్ లాంటిది ఖాయమైపోతే "ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో" అంటారు. ఇంకొకటి: "అతను వచ్చినప్పుడు చెప్తాను" లాంటి వాక్యంలో వెన్ ఉన్న భాగంలో విల్ రాదు. "వెన్ హి కమ్స్, ఐ విల్ టెల్ హిమ్" అనాలి. ఇఫ్‌తో చెప్పే షరతులకూ ఇంతే.

"చేస్తున్నాను" అని వస్తే

సరిగ్గా ఇప్పుడు, లేదా ఈ రోజుల్లో జరుగుతున్నదైతే ప్రెజెంట్ కంటిన్యువస్: "ఐ యామ్ రీడింగ్". కానీ వాక్యంలో "నుంచి" లేదా ("మూడేళ్ళుగా" అన్నట్టు) "గా" ఉందేమో చూడండి. "2019 నుంచి ఇక్కడ ఉంటున్నాను" అనడానికి "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ 2019" అనేస్తుంటారు. అది తప్పు. "ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ సిన్స్ 2019" అనాలి. మొదలైన సమయం చెబితే సిన్స్, ఎంతకాలమో చెబితే ఫర్: "ఫర్ త్రీ ఇయర్స్".

నో (తెలుసు అనే అర్థంలో), వాంట్, బిలీవ్ లాంటి క్రియలకు మామూలుగా ఐఎన్‌జీ చేర్చరు. "నాకు ఇద్దరు పిల్లలు" అనడానికి "ఐ హ్యావ్ టూ చిల్డ్రన్" చాలు, హ్యావింగ్ అక్కర్లేదు. "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" మాత్రం సరైనదే. అక్కడ ఆ మాటకు తినడం అని అర్థం.

"చేశాను" అని వస్తే

చాలామంది తడబడేది ఇక్కడే, కాస్త ఆగి చదవండి. ఎప్పుడు జరిగిందో చెబుతున్నామా, లేక ఇప్పుడు పరిస్థితి ఏమిటో చెబుతున్నామా? ఎవరో ఫోన్ చేసి ఒకామె కోసం అడిగారనుకోండి. "ఆమె బయటికి వెళ్ళింది" అనాలి. "షి హ్యాజ్ గాన్ అవుట్" అంటే ఇప్పుడు ఇంట్లో లేదని వెంటనే అర్థమవుతుంది. ఇది ప్రెజెంట్ పర్ఫెక్ట్. "షి వెంట్ అవుట్ ఎట్ ఫైవ్" అంటే ఐదింటికి వెళ్ళిందని మాత్రమే. తిరిగి వచ్చిందో లేదో ఆ వాక్యం చెప్పదు. ఇది సింపుల్ పాస్ట్.

నిన్న, పోయిన వారం, 2015లో అని గడిచిపోయిన సమయం చెబితే సింపుల్ పాస్ట్ తప్ప వేరే దారి లేదు. "ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే" కుదరదు, "ఐ సా హిమ్ ఎస్టర్‌డే" అనాలి. మామూలు సంభాషణలో ఈ రెండూ ఎలా చేతులు మారతాయో చూడండి. ఒకరు "ఐ హ్యావ్ ఫౌండ్ ఎ జాబ్" అంటారు. అది కబురు. ఎదుటివారు "వెన్ డిడ్ యూ ఫైండ్ ఇట్?" అని అడుగుతారు. ఎప్పుడు అనే ప్రశ్న రాగానే పర్ఫెక్ట్ తప్పుకుంటుంది. అమెరికన్లు జస్ట్, ఆల్రెడీ ఉన్నచోట కూడా సింపుల్ పాస్ట్ వాడుతుంటారు. అది విని కంగారు పడక్కర్లేదు.

డిడ్ వచ్చాక క్రియ మొదటి రూపంలోనే ఉండాలి: "ఐ డిడ్ నాట్ గో". వెంట్ అనకూడదు, గతం సంగతి డిడ్ ఒక్కటే చెప్పేస్తుంది.

గతంలో రెండు పనులుంటే

ఒకటి జరుగుతుండగా మధ్యలో ఇంకొకటి వచ్చిపడితే, జరుగుతున్నదానికి పాస్ట్ కంటిన్యువస్: "ఐ వాజ్ కుకింగ్ వెన్ ద ఫోన్ ర్యాంగ్". ఒకటి ముందే అయిపోయి ఉంటే దానికి హ్యాడ్: "వెన్ వి రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్". మనం చేరేసరికే రైలు వెళ్ళిపోయిందన్నమాట. చాలాకాలం కిందటి సంగతి కదా అని హ్యాడ్ తగిలించకండి. పోల్చడానికి రెండో సంఘటన లేకపోతే, వందేళ్ళ కిందటి సంగతికైనా సింపుల్ పాస్ట్ సరిపోతుంది.