హెచ్ఆర్ పని నేర్చుకుందాం – 6: చార్జిషీటు రాయడం

ఫిర్యాదు రాగానే సాక్షుల మాటలు కాగితం మీద పెట్టించుకోవడం గత పాఠంలో చూశాం. ఇప్పుడు చార్జిషీటు, అంటే కార్మికుడి మీదున్న ఆరోపణలేంటో రాసి అతనికిచ్చే కాగితం. ఫ్యాక్టరీల్లో కేసులు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఈ కింది మెమో చదవండి:

‘మీరు తరచూ డ్యూటీలో నిర్లక్ష్యంగా ఉంటున్నారు. పైవాళ్లతో దురుసుగా మాట్లాడుతున్నారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి.’

దీనికి ఆ కార్మికుడు ఏమని జవాబిస్తాడు? ‘అలాంటిదేం లేదండీ’ అనడం తప్ప అతనికి దారి లేదు. అదే విషయం ఇలా రాసి చూడండి:

‘12వ తేదీ బి షిఫ్టులో, రాత్రి 8.40కి, రెండో ప్యాకింగ్ లైన్ ఆపమని సూపర్‌వైజర్ చెప్పినా మీరు ఆపలేదని, మళ్లీ చెప్పబోతే ఆయన్ని తిట్టారని ఆరోపణ.’

ఇప్పుడతను ‘ఆ టైముకి నేను క్యాంటీన్‌లో ఉన్నాను’ అనైనా అనగలడు. జవాబు చెప్పడానికి వీలున్న ఆరోపణే ఎంక్వైరీలో నిలబడుతుంది.

పైదాంట్లోనూ ఒక లోపం ఉంది. ‘తిట్టారని’ అంటే చాలదు, ఏమని తిట్టాడో ఉన్నదున్నట్టు తెలుగులోనే రాయాలి. టైపు చేసే అమ్మాయి ఇబ్బంది పడుతుందని చాలామంది దాన్ని మింగేస్తారు. ‘అసభ్య పదజాలం’ అని వదిలేస్తే, ఆ మాట తిట్టా మామూలు మాటా అన్నది ఎవరు తేలుస్తారు?

‘దొంగతనం చేశారని రుజువైంది, ఎందుకు డిస్మిస్ చేయకూడదో చెప్పండి’ అని మాత్రం ఎప్పుడూ రాయకండి. ఎంక్వైరీ మొదలవకముందే తీర్పు ఇచ్చేశారని లేబర్ కోర్టులో అవతలి వకీలు పట్టుకునేది ఆ ఒక్క వాక్యాన్నే. పాత మెమోలను శిక్షలో లెక్కలోకి తీసుకునే ఉద్దేశముంటే వాటి తేదీలూ చార్జిషీటులోనే చెప్పేయాలి.

ఎంక్వైరీ తేలేదాకా సస్పెన్షన్‌లో పెడితే జీవనభృతి ఇవ్వాలి: మొదటి 90 రోజులు జీతంలో 50 శాతం, ఆ తర్వాత, ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే, 75 శాతం. 1946 స్టాండింగ్ ఆర్డర్స్ (ఫ్యాక్టరీ ఉద్యోగ నియమాల) చట్టంలోని ఈ లెక్కే 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. దీన్ని ఎగ్గొడితే ఎంక్వైరీకే ఎసరు రావచ్చు.

కార్మికుడు చార్జిషీటు తీసుకోనంటే ఇద్దరు సాక్షుల చేత ఆ సంగతి రాయించి సంతకాలు పెట్టించండి, ఇంటికి స్పీడ్ పోస్టులో పంపండి.

అభ్యాసం: ‘అనుమతి లేకుండా తరచూ సెలవు పెడుతున్నారు’. దీన్ని చార్జిగా తిరగరాయండి. హాజరు పట్టీ మీ ముందుందనుకోండి.

వచ్చే పాఠం: ఎంక్వైరీ ఆఫీసర్‌గా ఎవరిని పెట్టాలి.