ఇల్లు అమ్ముడుపోవడం లేదా? ఏజెంటుతో బేరం ఎక్కడ చిక్కుకుందో చూడండి

కర్నూలులో కల్లూరు వైపున్న మా పాత ఇల్లు అమ్మడానికి పదకొండు నెలలు పట్టింది. అందులో సగం ఆలస్యం మా తెలివితక్కువ వల్లే.

చూసేవాళ్లు వస్తున్నారు, మళ్లీ ఫోన్ చేయడం లేదు

మేం నలుగురు బ్రోకర్లకు చెప్పాం. ఒకరు 58 లక్షలన్నారట, ఇంకొకరు 65 అన్నారట. ఒకే ఇంటికి రెండు రేట్లు వింటే ఎవరికైనా అనుమానమే కదా, ఏదో లిటిగేషన్ ఉందనుకుంటారు. ఒకరికి, మహా అయితే ఇద్దరికి చెప్పండి. ఇద్దరికీ ఒకటే ధర వాట్సాప్‌లో పెట్టండి, రేపు ఎవరూ మాట మార్చలేరు.

ఇల్లు తుంగభద్రకో హంద్రీకో దగ్గరైతే ఇంకో ప్రశ్న తప్పదు: 2009లో నీళ్లొచ్చాయా? ఆ అక్టోబరు వరదను ఊరు మర్చిపోలేదు. మాకు చెప్పకుండానే మా ఏజెంటు ‘చుక్క నీరు రాలేదు సార్’ అనేశాడు. వచ్చినాయన బీరువా పక్కకు జరిపి, సున్నం కింద మిగిలిన మట్టి చారను వేలితో చూపించాడు. బేరం అక్కడే పోయింది. నీళ్లు ఎంతవరకు వచ్చాయో ముందే మీరే చెప్పండి. ఎలాగూ పక్కింటివాళ్లు చెప్తారు.

‘మీకెంత రావాలో చెప్పండి, పైది నేను చూసుకుంటా’ అంటున్నాడు

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. బళ్లారి చౌరస్తాలో టీ తాగుతూ ఒకాయన పెళ్లిపత్రిక వెనక 55 అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ‘ఇది మీది’ అన్నాడు. అవతలివాళ్లకు ఎంత చెప్పాడో మాకు తెలియదు. ఇలాంటి ఏజెంటు కొనేవాళ్లను మీతో కలవనివ్వడు, మీ నంబరు వాళ్లకివ్వడు. మీ ధర ఎంత తగ్గితే ఆయనకు అంత లాభం. కాబట్టి కమీషన్ శాతంలోనే మాట్లాడుకోండి, సాధారణంగా ఒకటి లేదా రెండు శాతం ఉంటుంది. అది రిజిస్ట్రేషన్ రోజే ఇస్తానని, ధర మాత్రం కొనేవాళ్లతో ఎదురుగా కూర్చునే తేల్చుకుంటానని చెప్పండి. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి.

అడ్వాన్సు ఇచ్చి మూడు నెలలైంది, రిజిస్ట్రేషన్ ఊసే లేదు

అగ్రిమెంటు మళ్లీ చదవండి. ‘నా పేరున గానీ నేను చెప్పినవారి పేరున గానీ’ అన్న ముక్క ఉందా? కొన్నది ఏజెంటు మనిషే అయి ఉండొచ్చు. చిన్న అడ్వాన్సుతో మీ ఇల్లు కట్టేసి, ఎక్కువకు కొనేవాళ్ల కోసం వెతుకుతుంటాడు. అందుకే గడువు తేదీ, గడువు దాటితే అడ్వాన్సు ఏమవుతుందో రాయించండి. ఒరిజినల్ పత్రాలు ఇవ్వకండి, జిరాక్సులు చాలు.

అడ్వాన్సు నగదుగా వద్దు. ఇల్లు అమ్మేటప్పుడు 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంత జరిమానా పడొచ్చు, అదీ తీసుకున్నవాళ్లకే.

బ్యాంకు లోను దగ్గర ఆగిపోయింది

ఇది ఏజెంటు తప్పు కాదు. ఇంటిపన్ను ఇంకా నాన్న పేరునే ఉంటుంది, లేదా అక్కచెల్లెళ్ల సంతకాలు ఉండవు, లేదా ప్లాను దొరకదు. ఈసీ (ఇంటిమీద తాకట్లు, లావాదేవీలు ఏమున్నాయో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రాలు), పన్ను రసీదు అమ్మకానికి పెట్టే ముందే సర్దుకోండి.

చివర్లో డబ్బు తక్కువ వచ్చింది

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (మీ తరఫున ముందే ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను) పట్టుకోవాలి. మోసమేం కాదు, మీ పాన్ మీదే జమ అవుతుంది. రిటర్న్ వేసేటప్పుడు చూసుకోండి.

ఆషాఢంలో ఒక్క ఫోనూ రాకపోతే మాత్రం కంగారుపడి రేటు తగ్గించకండి. మేం రెండు లక్షలు తగ్గించాం. శ్రావణం రాగానే వారంలో ముగ్గురొచ్చారు, ముగ్గురూ తగ్గించిన రేటు నుంచే బేరం మొదలుపెట్టారు.