వరద తర్వాత ఊరి మంచినీటి పథకానికి నిధులు సేకరించే పద్ధతి

2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు కడప జిల్లా రాజంపేట మండలంలోని పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్లను చెయ్యేరు ముంచెత్తింది. అంతకుముందు 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరమే నీట మునిగింది. ఇలాంటి సమయాల్లో తొలి రోజుల్లో నీళ్ల సీసాలకూ ట్యాంకర్లకూ దాతలు ధారాళంగా ఇస్తారు. కానీ కుళాయిలో నీళ్లు రావడానికి కావలసిన పెద్ద ఖర్చు మొదలయ్యేది వారి దృష్టి మరో వైపు మళ్లిన తర్వాతే. కాబట్టి అందరూ ఇవ్వడానికి ముందుకు వచ్చే ఆ మొదటి వారంలోనే తాత్కాలిక అవసరాలకు ఒక పద్దు, పథకం పునరుద్ధరణకు మరొక పద్దు ప్రకటించి, ప్రతి దాతనూ రెండో పద్దుకు కూడా అడగాలి.

అడగడానికి ముందు నష్టం లెక్క చేతిలో ఉండాలి. సర్పంచి గారిని, పంచాయతీ కార్యదర్శిని, గ్రామీణ నీటి సరఫరా శాఖ సహాయక ఇంజినీరు (ఏఈ) గారిని, రోజూ మోటారు వేసే మనిషిని వెంటబెట్టుకొని బోరు దగ్గర మొదలుపెట్టి చివరి వీధి కుళాయి దాకా నడవండి. వీరిలో మోటారు వేసే మనిషి మాట తప్పక వినాలి, ఎందుకంటే ఏ వాల్వు ఎక్కడ పూడిపోయిందో, ఏ పైపు వరదకు ముందే కారుతుండేదో అతనికే తెలుస్తుంది. మోటారు, కేబులు, స్టార్టరు, బోరులోపలి కాలమ్ పైపులు, ఏటి పక్క పైపులైను, ఓవర్‌హెడ్ ట్యాంకు అంటూ విడివిడిగా రాసి, ఒక్కొక్కదాని పక్కన అయ్యే ఖర్చు, దాన్ని ఎవరు భరించాలి అన్నది కూడా రాయండి. ట్రాన్స్‌ఫార్మరు విద్యుత్ పంపిణీ సంస్థది; దానికి చందా వసూలు చేయకూడదు. దెబ్బతిన్న తాగునీటి పథకాల మరమ్మతుకు రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నుంచి సాయం పొందే వీలుంది కనుక గ్రామసభ తీర్మానంతో అర్జీ పెట్టి, ఆ సాయం పోగా మిగిలిన లోటుకే విరాళాలు అడగడం న్యాయం.

పాత బోరు పూడిపోయిందని వెంటనే కొత్త బోరుకు డబ్బు పోగుచేయడం మన రాయలసీమలో ప్రమాదకరం. అనంతపురం జిల్లాలోనూ చుట్టుపక్కలా భూగర్భజలంలో పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. తాగునీటి ప్రమాణం ప్రకారం అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. కాబట్టి అదే భూగర్భ పొర నుంచి నీళ్లు తీసే పొరుగు బోర్ల నీటిని ముందుగా పరీక్ష చేయించి, ఆ నివేదికను విరాళ పత్రానికి జతచేయండి. ఫ్లోరైడ్‌ను వడకట్టే ఆర్‌ఓ ప్లాంటు పెట్టిస్తామనే దాతలు తేలికగా దొరుకుతారు, అయితే ఫిల్టర్ల మార్పిడికీ కరెంటు బిల్లుకూ ఏర్పాటు లేనిదే దాన్ని ఒప్పుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

అడిగేటప్పుడు మొత్తం అంకె ఒక్కటే చెప్పకుండా పని చెప్పాలి. అత్యవసర సమయంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలన్నది ప్రపంచమంతటా సహాయక సంస్థలు పాటించే లెక్క. వెయ్యి మంది ఉన్న ఊరికి అది 15,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు మూడు. దాత ఇచ్చే డబ్బు ఎన్ని రోజుల ట్యాంకర్లకు సరిపోతుందో, లేదా ఎన్ని మీటర్ల పైపుకు సరిపోతుందో అక్కడే చెప్పగలగాలి. మునిగిన బావిలో బురద తోడించి క్లోరిన్ కలపడానికి మాత్రం చందాల కోసం ఆగనక్కరలేదు. మామూలుగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు లెక్క. వరద నీరు చేరిన బావికి ఇంకా ఎక్కువ పడుతుంది కనుక మోతాదును నీటి సరఫరా శాఖ సిబ్బంది చేత నిర్ణయింపజేయాలి.

డబ్బు ఏ ఒక్కరి సొంత ఫోన్ నంబరుకూ రాకూడదు. పంచాయతీ ఖాతాకు గానీ, ఇద్దరి సంతకాలతో నడిచే నమోదిత సంఘం ఖాతాకు గానీ రావాలి. పన్ను మినహాయింపు కోరే దాతలకు, అందుకోసం ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు (80జి అని పిలిచేది) ఉన్న సంస్థ రసీదు కావాలి. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే ఆ మినహాయింపు వర్తించదని ముందే చెప్పండి.

రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు వెళ్లి కష్టపడుతున్నవారు వేల మంది; సొంత ఊరికి నీళ్లంటే వారు వెనకాడరు. భారత పౌరులుగా ఉండి సొంత సంపాదనను మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. అమెరికాలోనో మరోచోటో అక్కడి పౌరసత్వం తీసుకున్న మన బిడ్డలు పంపేది మాత్రం విదేశీ విరాళమే. దాన్ని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉండి, అందుకోసం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతా ఉన్న సంస్థ ద్వారానే తీసుకోవాలి. బంధువుల ఖాతాలో వేయించుకొని సంఘానికి మళ్లించే దారి పట్టవద్దు.

పెద్ద పనులకు సంస్థల తలుపు తట్టక తప్పదు. కంపెనీల చట్టం కింద నిర్దేశిత స్థాయి దాటిన సంస్థలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. సురక్షిత తాగునీరు, విపత్తు సహాయం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల సిమెంటు పరిశ్రమలకు ఏఈ అంచనా, గ్రామసభ తీర్మానం, నీటి పరీక్ష నివేదిక కలిపి దరఖాస్తు ఇవ్వండి. గనుల ప్రభావం ఉన్న ఊళ్లయితే జిల్లా ఖనిజ నిధి నుంచి కూడా కలెక్టర్ గారిని కోరవచ్చు. ఈ దారులన్నింటికీ సమయం పడుతుంది గనుక మోటారు, కేబులు వంటి వాటిని చందాలతో ముందుగా సమకూర్చుకోవాలి.

వసూలైన ప్రతి రూపాయినీ, బిల్లునూ వారానికోసారి పంచాయతీ గోడపై అంటించి, వాటి ఫొటోను దాతలకు పంపండి. నీళ్లు వచ్చాక మిగిలే సొమ్మును ఏం చేస్తారో తొలి తీర్మానంలోనే రాసుకోవాలి. దాన్ని ఒక ఏడాది మోటారు మరమ్మతులకు, క్లోరిన్‌కు, వానకాలానికి ముందూ తర్వాతా చేయించే నీటి పరీక్షలకు కేటాయించి, ఖాతా మూసే తేదీని కూడా అందులోనే నిర్ణయించండి.