కౌలు కార్డు కావాలంటే ముందు పొలం ఓనర్‌ని ఒప్పించుకోండి

నెల్లూరు జిల్లా కోవూరు, ఇందుకూరుపేట సైడు కౌలు ఎక్కువగా నోటి మాటే, ఎకరాకి ఇన్ని పుట్లు అనుకుంటారు అంతే. కానీ పేపర్ లేకపోతే పంట పోయినప్పుడు పరిహారం ఓనర్ అకౌంట్‌లో పడే చాన్స్ ఉంది, మీకు క్రాప్ లోన్ రాదు. అందుకే సాగుదారు హక్కుల కార్డు (కౌలు కార్డు అంటే ఇదే) తీసుకోండి, ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద వస్తుంది, 11 నెలలు చెల్లుతుంది.

అసలు చిక్కంతా ఓనర్ సంతకం దగ్గరే. అంతకు ముందున్న 2011 కౌలుదారుల చట్టంలో ఈ సంతకం గోల లేదు, ఇప్పుడు తప్పనిసరి చేశారు, నా లెక్కలో ఇదే పెద్ద లోపం, మార్చాల్సింది ఇదే. ఓనర్ భయమల్లా పొలం పోతుందేమోనని, కాబట్టి ఆయన దగ్గరికెళ్లి "అన్నా, ఇది పంట మీద హక్కే, భూమి మీద కాదు, పాస్‌బుక్‌లో నీ పేరు అట్నే ఉంటది" అని ఒప్పంద పత్రం చూపించి నిదానంగా చెప్పండి.

సంతకమయ్యాక వీఆర్వో దగ్గరికి పోండి, ఆయన కూడా సంతకం పెట్టాలి. నాట్లు పడ్డాక ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదు) మీ పేరే ఎక్కిందా లేదా రైతు సేవా కేంద్రంలో చూసుకోండి. 11 నెలలు దాటితే మళ్లీ కొత్త ఒప్పందమే.