ఈగల మేతలో మిథైల్ మెర్క్యురీ కలిపే ముందు

పండు ఈగలపై మిథైల్ మెర్క్యురీ (పాదరసం ఉన్న విష రసాయనం) ప్రయోగం మొదలుపెడుతున్నారా? మేతలో కలిపే మోతాదు మైక్రోమోలార్లలోనే, అంటే చాలా పలుచగా ఉంటుంది కాబట్టి భయం లేదనుకోకండి. అసలు ప్రమాదం తూకం వేసే పొడిలో, సీసాలోని గాఢ ద్రావణంలో ఉంది.

1996 ఆగస్టులో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కేరెన్ వెటర్‌హాన్ లేటెక్స్ (రబ్బరు) గ్లౌజు మీద దీనికి దగ్గరి రసాయనమైన డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు కొన్ని పడ్డాయి. లేటెక్స్ దాన్ని క్షణాల్లో లోపలికి వదిలేసింది. నెలల తర్వాత లక్షణాలు బయటపడ్డాయి. 1997 జూన్‌లో ఆమె చనిపోయారు. మనం వాడే మిథైల్ మెర్క్యురీ క్లోరైడ్ అంత సులువుగా ఆవిరి కాదు, కానీ అదీ చర్మం గుండా ఒంట్లోకి చేరి నరాలను దెబ్బతీస్తుంది. కాబట్టి లేటెక్స్ జోలికి వెళ్లకండి. ఏ గ్లౌజులు, ఎన్ని పొరలు అన్నది మీ సేఫ్టీ విభాగంతో ముందే ఖాయం చేసుకోండి. తూకం, కలపడం రెండూ ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరిని బయటికి లాగేసే ల్యాబ్ అర). వీలైతే పొడి కొనకుండా సిద్ధంగా ఉన్న ద్రావణమే తెప్పించుకోండి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవారు ఈ పని వేరొకరికి అప్పగించాలి. ఈ విషం గర్భంలోని మాయను (ప్లసెంటా) దాటి బిడ్డను చేరుతుంది. కారణం చెప్పమని వారిని ఎవరూ అడగకూడదు.

మేత చల్లారాకే ద్రావణం కలపండి.

ఇక ఫలితం పాడవకుండా చూసుకోవాలి. ఇక్కడ లెక్కపెట్టేది ప్యూపాల (లార్వా ఈగగా మారే గూళ్లు) నుంచి బయటికొచ్చిన ఈగలను. వేర్వేరు వంశాల ఈగలను పోల్చి 2014లో ప్రచురించిన జన్యు అధ్యయనంలో మెర్క్యురీని తట్టుకునే శక్తికి కండరాల అభివృద్ధి జన్యువులతో సంబంధం కనిపించింది. వాటిలో కిర్రె ఒకటి. పిండదశలో కండర కణాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టి కలిసిపోవడానికి ఇది కావాలి. ప్యూపా పొరను చీల్చుకుని రావడం కూడా కండరాల పనే కదా! అయితే కొన్ని వంశాల్లో మెర్క్యురీ లేకున్నా కొన్ని ఈగలు బయటికి రావు. అందుకే ప్రతి వంశానికీ మెర్క్యురీ లేని వయల్ (ఈగలను పెంచే చిన్న సీసా) ఒకటి పోల్చడానికి తప్పకుండా పెట్టండి. అన్ని వయల్స్‌లోనూ ఒకే వయసు లార్వాలను, ఒకే సంఖ్యలో వేయండి. మేత కూడా ఒకటే ఉండాలి. అదే అధ్యయనంలో మేతలో కెఫీన్ కలిపినందుకే ఈగల తట్టుకునే శక్తి మారింది.

పని అయ్యాక వయల్స్‌ను ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం) పెట్టకండి, వేడికి మెర్క్యురీ గదిలోకి ఆవిరవుతుంది. చచ్చిన ఈగలు, మిగిలిన మేత, పిపెట్ టిప్స్ (ద్రావణం కొలిచే గొట్టం కొనలు), గ్లౌజులు అన్నీ లేబుల్ అంటించిన మెర్క్యురీ వ్యర్థాల డబ్బాలోకే వెళ్లాలి. ఈగలను పడేసే మామూలు ఇథనాల్ సీసాలో వీటిని వేయకండి.