నికానామాలో షరతు రాయించుకోవడం ఎలా

మాది నరసరావుపేట వైపు నూర్‌బాషా కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, నికానామా, అంటే పెళ్లి ఒప్పంద పత్రం మాత్రం ఉర్దూలో వస్తుంది. వకీలుగా నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో చాలామందికి తాము సంతకం పెట్టిన కాగితంలో ఏముందో గొడవ ముదిరాకే తెలుస్తుంది. షరియత్‌లో ఆడవాళ్లకు హక్కుల్లేవనే వాళ్లతోనూ, అన్నీ ఉన్నాయి, ఇంకేం అడక్కండి అనే వాళ్లతోనూ నాకు ఒకటే పేచీ. ఇద్దరూ నికానామా తెరిచి చూడరు. నికా అంటే ఒప్పందం. అందులో షరతులు పెట్టుకోవచ్చు.

మాట ఎత్తాల్సింది సంబంధం ఖాయం చేసుకునే రోజునే. నికా రోజు అడిగితే కుదరదు. ఖాజీ సాబ్‌కు ఇంకో పెళ్లికి టైమైపోతుంటుంది, అటు బిర్యానీ వడ్డన మొదలైపోతుంది. రాయాల్సింది ముందే తెలుగులో రాసుకుని, ఉర్దూ బాగా వచ్చిన వాళ్లతో రాయించి, రెండూ ఖాజీకి ముందుగా చూపించండి.

మొదట మెహర్, అంటే పెళ్లికి గాను భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము. ఎంత, అందులో వెంటనే ఇచ్చేది ఎంత, బాకీ ఎంత అని విడివిడిగా ఉండాలి. నా సలహా బంగారం, అదీ గ్రాముల్లో. ఇరవై ఏళ్ల కింద రాసిన పదివేలు ఇవాళ దేనికొస్తాయి? మెహర్ భర్త నెత్తిన అప్పు. ఆయన పోతే ఆస్తి పంచుకునే ముందే అది తీరాలి. భార్యకొచ్చే వాటా దానికి అదనం: పిల్లలుంటే ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. చాలామంది "రెండో పెళ్లి చేసుకోకూడదు" అని రాయించి నిశ్చింతగా ఉంటారు. మన దగ్గర ఎక్కువమందిమి హనఫీలం, అంటే సున్నీల్లో హనఫీ సంప్రదాయం పాటించేవాళ్లం. హనఫీ పద్ధతిలో ఆ షరతు ఒక్కటే ఉంటే, అతను తప్పినా రెండో నికా చెల్లుతుంది, మీ చేతికి ఏమీ రాదు. అందుకని షరతు తప్పితే ఏం జరుగుతుందో కూడా రాయాలి. దాని పేరు తలాక్-ఎ-తఫ్వీజ్, అంటే భర్త తన తలాక్ అధికారాన్ని భార్యకు అప్పగించడం. ఇది నిన్న మొన్న ఎవరో కనిపెట్టింది కాదు, పాత ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) గ్రంథాల్లోనే ఉంది. 1930లలో దేవ్‌బందీ పండితుడు మౌలానా అష్రఫ్ అలీ థానవీ కూడా ఇలా రాయించుకోమన్నారు. మన కోర్టులూ ఒప్పుకున్నాయి. పాకిస్తాన్ నికానామాలో అయితే 18వ గడి దీనికోసమే ఉంది.

నేను రాసిచ్చేది ఇది: "ఈమె రాతపూర్వక అనుమతి లేకుండా నేను మరో పెళ్లి చేసుకున్నా, వరసగా ఆరు నెలలు ఇంటి ఖర్చు ఇవ్వకపోయినా, చేయి చేసుకున్నా, ఆ తర్వాత ఎప్పుడైనా తనకు తాను ఒక తలాక్-ఎ-బాయిన్ ఇచ్చుకునే అధికారం ఈమెకు ఇస్తున్నాను."

ఇందులో రెండు మాటలు జారిపోకూడదు. "ఎప్పుడైనా" లేకపోతే, ఆ సంగతి తెలిసిన చోటే, అప్పుడే అధికారం వాడాలని, లేచి వెళ్తే పోయిందని వాదిస్తారు. "బాయిన్" లేకపోతే ఇద్దత్ (తలాక్ తర్వాత భార్య ఆగాల్సిన గడువు) లోపల అతను వెనక్కి తీసుకోవచ్చు. ఇక ఎప్పుడు సంతకం చేశాడన్నది కూడా చూడాలి. నికాకు ముందు ఊరికే ఇచ్చిన అధికారం నిలవదు, అప్పటికి ఆయన భర్తే కాదు కదా. నికానామాలోనే రాయించండి. చోటు లేదంటే నికా అయిన వెంటనే విడి కాగితం మీద, అవే సాక్షులతో.

"పెళ్లి కాకముందే విడాకుల మాటేంటమ్మా?" అని మగపెళ్లివారు తప్పకుండా అంటారు. నేనైతే మెహర్ గడి చూపిస్తాను. బాకీ మెహర్ అని రాస్తున్నారంటే తలాకో చావో వస్తే ఇవ్వాల్సింది అనే కదా, మావయ్యగారూ! ఆ మాట ఆ కాగితంలో ఎప్పుడో ఉంది.

అవసరం పడితే ముందు రుజువు పోగేసుకోండి. రెండో నికా కాపీనో, ఖర్చు అడిగిన మెసేజీలో, ఆసుపత్రి చీటీనో. తర్వాత ఇద్దరు సాక్షుల ఎదుట తలాక్ రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపించి, ఫ్యామిలీ కోర్టులో పెళ్లి రద్దయిందని డిక్లరేషన్ తెచ్చుకోండి. ఖులాలో, అంటే భార్య తానే అడిగి తీసుకునే విడాకుల్లో, మామూలుగా మెహర్ వదులుకోవాలి. తఫ్వీజ్‌లో వదులుకోనక్కర్లేదు, ఎందుకంటే అది భర్త ఇచ్చిన తలాక్ కిందే లెక్క.

ఏ షరతూ రాయించుకోని వాళ్లకూ దారులున్నాయి. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద 2 ఏళ్లు పోషణ లేకపోయినా, 4 ఏళ్లు ఆచూకీ లేకపోయినా, క్రూరత్వం ఉన్నా కోర్టు విడాకులిస్తుంది. ఖులాకు భర్త ఒప్పుకోలు అక్కర్లేదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది. తలాక్ పొందిన ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షన్ కింద భరణం అడగొచ్చని 2024 జులై 10న సుప్రీంకోర్టు తేల్చింది. అది తెలంగాణ నుంచి వెళ్లిన కేసే. ఆ సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. ఇవన్నీ పనికొస్తాయి గానీ కోర్టు చుట్టూ తిరగాలి. షరతు రాయించుకున్నా తిరగాల్సి రావచ్చు, కాకపోతే చేతిలో కాగితం ఉంటుంది.

నికా అయ్యాక 2002 నాటి నిర్బంధ వివాహ రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పెళ్లి రిజిస్టర్ చేయించండి. నికానామా అసలు కాపీ అత్తగారి బీరువాలో పెట్టకండి. ఒకటి పుట్టింట్లో ఉంచి, ప్రతి పేజీ ఫోన్‌లో ఫోటో తీసి, మీకు మీరే మెయిల్ చేసుకోండి.