డాట్ కామా, డాట్ ఇన్నా? కొనే ముందు పెత్తనం ఎవరిదో చూసుకోండి

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసేవాళ్లయినా, బెజవాడ బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు వాళ్లయినా డొమైన్ (వెబ్‌సైటు పేరు) కొనేటప్పుడు ముందు అడిగేది ధర. రేపు పేరు మీద తగాదా వస్తే ఎవరి దగ్గరికి పోవాలో అంతకంటే ముందు తెలుసుకోవాలి.

డాట్ కామ్‌కి నియమాలు పెట్టేది 1998లో కాలిఫోర్నియాలో పుట్టిన ఐకాన్ అనే సంస్థ. అక్కడ కంపెనీలు, ఇంజనీర్లు, వాడుకదారులు కలిసి నిర్ణయిస్తారు, ప్రభుత్వాలు సలహా ఇస్తాయి. ఈ పెత్తనం ఐక్యరాజ్యసమితి కిందికి రావాలంటూ 2011లో 50 దేశాల కమిటీని ప్రతిపాదించింది మన దేశమే. 2015కల్లా మాట మార్చి ఐకాన్ పద్ధతికే మద్దతిచ్చింది. డాట్ ఇన్, తెలుగు లిపిలోని డాట్ భారత్ మాత్రం మన దేశంలోని నిక్సీ అనే సంస్థ చేతిలో ఉన్నాయి.

ఈ తేడా జేబుకు తగులుతుంది. మీ పేరుతో ఎవరో డాట్ కామ్ కొనేస్తే ఫిర్యాదు యూడీఆర్‌పీ అనే ఐకాన్ తగాదా నియమాల కింద వేయాలి. ఈ ఫిర్యాదులు తీసుకునే వైపో (ఐక్యరాజ్యసమితి మేధోసంపత్తి సంస్థ) దగ్గర ఒక్క ప్యానలిస్టుతో (తీర్పు చెప్పేవాడితో) అయినా రుసుము 1500 డాలర్లు. పేరు దురుద్దేశంతో కొన్నారనీ, అలాగే వాడుతున్నారనీ రెండూ రుజువు చేయాలి. డాట్ ఇన్‌కి ఆ రెండింటిలో ఒకటి చాలు, నిక్సీ నియమించిన మధ్యవర్తి తేలుస్తాడు. ఎక్కడికి వెళ్లినా ట్రేడ్‌మార్క్ పత్రం ఉంటే సగం పని అయినట్టే. ఊళ్లో వ్యాపారానికి డాట్ ఇన్ చాలు. విదేశీ కొనుగోలుదారులుంటే రెండూ తీసుకోండి.

అసలు దెబ్బ తగిలేది వేరే చోట. సైటు చేసిపెట్టిన కుర్రాడు డొమైన్‌ని తన పేరు మీదే కొంటాడు. అతనితో డబ్బు దగ్గర చెడితే ఈ ప్యానళ్లు సాధారణంగా కలగజేసుకోవు, కోర్టుకు పొమ్మంటాయి. కాబట్టి రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) దగ్గర ఖాతా మీ ఫోన్ నంబరుతో మీరే తెరవండి. రిజిస్ట్రెంట్ (డొమైన్ యజమాని) గడిలో బిల్లు మీద ఉండే వ్యాపారం పేరే రాయండి. ఈమెయిల్‌గా అదే డొమైన్‌తో నడిచే చిరునామా ఇవ్వకండి: గడువు దాటి డొమైన్ ఆగిపోతే ఆ మెయిలూ ఆగుతుంది, హెచ్చరికలు మీకు చేరవు. డాట్ కామ్ కొన్నాక వచ్చే ధ్రువీకరణ మెయిల్‌లోని లింకు 15 రోజుల్లోపు నొక్కకపోతే సైటు ఆపేయొచ్చు.

గడువు దాటిన డాట్ కామ్‌ని రిజిస్ట్రార్ తొలగించాక 30 రోజుల రిడెంప్షన్ (తిరిగి విడిపించుకునే గడువు) ఉంటుంది. అప్పుడు విడిపించుకోవడానికి మామూలు రెన్యువల్ కంటే చాలా ఎక్కువ అడుగుతారు. అదీ దాటితే ఇంకో 5 రోజులకు పేరు మళ్లీ బజారులో ఉంటుంది.